మక్క చేను తెగులులో దొరికిన జన్యువు, ఆస్పత్రికి రావాల్సిన టీకా

మనుషులకు వచ్చే ఫంగస్ జబ్బుల్లో ఒక్కదానికి కూడా ఇంతవరకు అనుమతి పొందిన టీకా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో 19 శిలీంధ్రాలతో తొలిసారి ఒక ప్రాధాన్య జాబితా విడుదల చేసింది. ఆ పంతొమ్మిదిటిలో దేనికీ టీకా లేదు. దీన్ని పట్టుకుని ‘ఫంగస్‌కు టీకా అసలు కుదరదు’ అని తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది నిజం కాదు. పశువులకు 1970లలోనే సోవియట్ యూనియన్‌లో టీకా వచ్చింది. తామర తెచ్చే ట్రైకోఫైటాన్ వెరుకోసమ్‌ను బలహీనపరిచి, ఎల్‌టీఎఫ్-130 అనే రకంగా మార్చి, దూడలకు కండరంలోకి రెండు డోసులు ఇచ్చారు. నార్వేలో మందలన్నిటికీ ఏళ్ల తరబడి వరసగా వేస్తే, అక్కడి పాడి పశువుల్లో తామర దాదాపు కనుమరుగైంది.

అవుతుందా అన్న ప్రశ్నకు ఆ దూడల దగ్గరే జవాబు దొరికింది. ఇక మనుషుల కోసం చేసే పని ఎక్కడ మొదలవ్వాలన్నదే మిగిలింది. వరంగల్ లాంటి ఊరి నుంచి చూస్తే నా జవాబు ఇది: పొలంలో దొరికే శిలీంధ్రాన్నీ, వార్డులో దొరికే శిలీంధ్రాన్నీ ఒకే ఫ్రీజర్‌లో దాచి, ఒకే జట్టు చదవాలి. మొక్కల తెగుళ్ల వాళ్లు ఒక దిక్కు, వైద్య మైక్రోబయాలజీ వాళ్లు ఒక దిక్కు పనిచేసినంత కాలం టీకా పని మనదాకా రాదు.

దీనికి గట్టి రుజువు మక్క నుంచే వచ్చింది. 1970లో అమెరికా మక్క పంటలో సుమారు 15 శాతాన్ని ఆకు ఎండు తెగులు తినేసింది. దానికి కారణం కాక్లియోబోలస్ హెటిరోస్ట్రోఫస్. ఏ జన్యువును పాడుచేస్తే ఆకు మీద మచ్చ చిన్నదవుతుందో తెలుసుకోవడానికి మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్తలు ఈ శిలీంధ్రం జన్యువులను ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ పోయారు. అలా బయటపడ్డవాటిలో సీపీఎస్1 ఒకటి. అరిజోనా, కాలిఫోర్నియా ఎడారి మట్టిలో ఉంటూ మనుషులకూ కుక్కలకూ వ్యాలీ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే కాక్సిడియాయిడిస్‌లోనూ అదే జన్యువు ఉంది. అరిజోనా విశ్వవిద్యాలయం బృందం దాన్ని అక్కడ తొలగించి చూసింది. జన్యువు పోయిన శిలీంధ్రం ఎలుక ఊపిరితిత్తుల్లో తన గుండ్రటి దశలోకి మారడం మొదలుపెట్టింది గాని, పూర్తి చేయలేకపోయింది. జబ్బు రాలేదు సరికదా, తర్వాత అసలు శిలీంధ్రాన్ని ఎక్కించినా ఎలుకలు బతికాయి. ఈ ఫలితాలు 2016లో వచ్చాయి. 2021కల్లా కుక్కల్లో రెండు డోసులు రక్షణ ఇస్తాయని తేలింది. ఇవాళ ఫంగస్ టీకాల్లో అందరికన్నా ముందున్నవాటిలో ఇదొకటి. దాని మూలం ఏ వైద్య కళాశాలలోనూ లేదు, మక్క ఆకు మచ్చలో ఉంది. కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో యాసంగి వచ్చిందంటే ఎటు చూసినా మక్క చేలే కదా, ఈ సంగతి మన వ్యవసాయ విద్యార్థులకూ వైద్య విద్యార్థులకూ ఒకే తరగతిలో చెప్పాలి.

పొలానికీ వార్డుకూ ఉన్న రెండో బంధం అంత మంచిది కాదు. వరిలో పాముపొడ కనిపిస్తే లీటరు నీళ్లకు 2 మి.లీ. హెక్సాకొనజోల్ గాని 1 మి.లీ. ప్రొపికొనజోల్ గాని కొడతారు. మిరపలో కాయకుళ్లుకూ ఈ ట్రయజోల్ కుటుంబం మందులే. ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్ చేరిన రోగికి ఆస్పత్రిలో ఇచ్చే వొరికొనజోల్, ఇట్రాకొనజోల్ కూడా ఈ కుటుంబానివే. శిలీంధ్రం తన కణ పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్‌ను తయారుచేసుకోవడానికి సైప్51ఏ అనే ఎంజైము వాడుతుంది. ఈ మందులన్నీ ఆపేది దాన్నే. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ వరికి ఏ తెగులూ తేదు. కుళ్లే గడ్డిలో, పెంటకుప్పలో బతుకుతుంది. అయినా పైరు మీద కొట్టిన మందు దానికీ తగులుతుంది. అలా ఏళ్ల తరబడి తగిలాక నిలదొక్కుకున్న రకాల్లో టీఆర్34/ఎల్98హెచ్ అనే మార్పు కనిపిస్తుంది. జన్యువుకు ముందుండే భాగంలో 34 అక్షరాలు రెండుసార్లు పడతాయి, దాంతో ఎంజైము ఎక్కువగా తయారవుతుంది. ప్రొటీన్‌లో 98వ స్థానంలో లూసిన్ పోయి హిస్టిడిన్ వస్తుంది, దాంతో మందు సరిగా అతుక్కోదు. మన దేశంలో ఈ రకం వరి మడుల మట్టిలో కూడా దొరికిందని 2012లోనే ప్రచురించారు. జీవితంలో ఒక్క గోళీ ఇట్రాకొనజోల్ వేసుకోని మనిషికి కూడా మందుకు లొంగని ఆస్పర్‌జిల్లస్ పట్టడం ఇలాగే జరుగుతుంది. మందులు ఇలా చేజారుతున్నకొద్దీ టీకా అవసరం పెరుగుతుంది.

వరంగల్, హనుమకొండల్లో కాకతీయ మెడికల్ కాలేజీ, దాని బోధనాస్పత్రి ఎంజీఎం ఉన్నాయి. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, కాకతీయ విశ్వవిద్యాలయం, నిట్, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధనా కేంద్రం ఉన్నాయి. ఎనుమాముల యార్డుకు మిర్చి, పత్తి, మక్క వస్తాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఆటోలో పోయి రావచ్చు. కాగితం మీద మాత్రం ఒకటి ఆరోగ్య శాఖది, ఒకటి ఉన్నత విద్యది, ఒకటి వ్యవసాయానిది, ఒకటి కేంద్రానిది. ఇన్ని రకాల సంస్థలు ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు. అందుకే ఈ పనికి హైదరాబాద్ కన్నా వరంగలే సరైన చోటు అంటున్నాను. పొలం నుంచి ల్యాబు ప్లేటు దాకా నమూనా ఒక్క పూటలో చేరుతుంది.

ఇక పని. మొదట బ్లాక్ ఫంగస్ నమూనాలు. షుగర్ అదుపు తప్పిన మనిషికి ముఖం ఒక పక్క వాచి, అంగిట్లో నల్లటి మచ్చ పడితే ఈఎన్‌టీ డాక్టర్లు కణజాలం ముక్క తీసి పంపుతారు. స్లైడు మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో దాన్ని పెట్టి, కవర్‌స్లిప్ వేసి, పది ఇరవై నిమిషాలు ఆగాలి. కణజాలం కరిగిపోయి శిలీంధ్ర తంతువులు మిగులుతాయి. రైజోపస్ లాంటి మ్యూకర్ వర్గానివైతే వెడల్పుగా, పట్టీల్లా, అడ్డుగోడలు దాదాపు లేకుండా ఉంటాయి. కొమ్మ ఇంచుమించు 90 డిగ్రీల కోణంలో చీలుతుంది. అక్కడక్కడా తంతువు మడత పడి ఉంటుంది. ఆస్పర్‌జిల్లస్ అయితే సన్నగా, ఒకే మందంతో, అడ్డుగోడలతో, 45 డిగ్రీల దగ్గర చీలుతుంది. ఇంతవరకు చాలా ల్యాబుల్లో బాగానే చేస్తారు. తప్పు ఆ తర్వాతి మెట్టులో జరుగుతుంది. బ్యాక్టీరియా నమూనాల అలవాటులో ముక్కను నూరి ప్లేటు మీద పూస్తారు. మ్యూకర్ తంతువుకు అడ్డుగోడలు లేవు కాబట్టి ఎక్కడ తెగినా లోపలి పదార్థమంతా కారిపోయి చచ్చిపోతుంది. స్లైడు మీద నిండుగా కనిపించిన శిలీంధ్రం కల్చర్‌లో మొలవకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. నూరకూడదు. స్టెరైల్ బ్లేడుతో ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలు కోసి, శిలీంధ్రాలను పెంచే సబౌరాడ్ అగార్‌లోకి కొద్దిగా గుచ్చాలి. బ్యాక్టీరియా రాకుండా క్లోరాంఫెనికాల్ కలపొచ్చు గాని సైక్లోహెక్సిమైడ్ కలిపిన అగార్ మాత్రం వాడకూడదు. అది మ్యూకర్లనూ ఆస్పర్‌జిల్లస్‌నూ ఆపేస్తుంది. తామర నమూనాల కోసం కొన్న ప్లేట్లు మిగిలాయని వీటికి వాడేస్తే నమూనా వృథా. అన్నీ సరిగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో బూడిద రంగు నూగు ప్లేటు మూత దాకా లేస్తుంది. ఆ మూతను బల్ల మీద తీయకూడదు, రెండో తరగతి బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే తీయాలి.

పొలం నమూనాలకు పద్ధతి వేరు. రెండు మూడు గ్రాముల మట్టి గాని కుళ్లిన గడ్డి గాని తీసుకుని, సబ్బులా పనిచేసే ట్వీన్ కొద్దిగా కలిపిన స్టెరైల్ సెలైన్‌లో గట్టిగా కుదిపి, అర నిమిషం మట్టి అడుక్కి దిగనిచ్చి, పైనీటిని ప్లేటు మీద పరవాలి. 45 నుంచి 48 డిగ్రీల వేడిలో పెట్టాలి. ఆ వేడికి మట్టిలోని చాలా శిలీంధ్రాలు లేవవు, ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ హాయిగా లేస్తుంది. వచ్చిన ప్రతిదాన్నీ నాలుగు గడుల ప్లేటు మీద నాటాలి. ఒక గడిలో లీటరుకు 4 మి.గ్రా. ఇట్రాకొనజోల్, ఒకదాంట్లో 2 మి.గ్రా. వొరికొనజోల్, ఒకదాంట్లో 0.5 మి.గ్రా. పోసకొనజోల్, నాలుగోది మందు లేనిది. 37 డిగ్రీల దగ్గర 48 గంటల్లో మందు గడిలో ఏది మొలిచినా దాని సైప్51ఏ జన్యువును, ముందున్న ప్రమోటర్‌తో సహా చదవాలి. ప్రమోటర్ వదిలేస్తే ఆ 34 అక్షరాల సంగతి తెలియదు.

యార్డులో తాలు మిర్చి, కల్లంలో తడిసిన మక్క కూడా సేకరణలోకి రావాలి. వాటి మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అఫ్లాటాక్సిన్ ఒక్కటే కాదు, కంటి పుండునూ తెస్తుంది. చర్మం గీకిన నమూనాల్లోంచి ట్రైకోఫైటాన్ ఇండోటినియేను దాచాలి. స్టిరాయిడ్ కలిపిన ట్యూబులు పూసి పూసి దేశమంతా పాకిన తామర ఇదే. స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైములో ఒక్క అక్షరం మారడంతో టెర్బినఫిన్ మందుకు లొంగడం మానేసింది.

దాచడం గురించి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. శిలీంధ్రాన్ని ప్లేటు మీద నుంచి ప్లేటు మీదకు మారుస్తూ పోతే బీజాలు కట్టడం తగ్గుతుంది, జబ్బు తెచ్చే శక్తీ తగ్గుతుంది. ఆరు నెలలు అలా తిప్పిన రకంతో ఎలుకల ప్రయోగం చేస్తే వచ్చే ఫలితం రోగి దేహంలో ఉన్నదాని గురించి ఏమీ చెప్పదు. మొదటి లేదా రెండో మార్పిడిలోనే 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు పోవాలి. రెండోది, కరెంటు. ఫ్రీజర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎండాకాలంలో ఒక్క రాత్రి చాలు, సేకరణంతా పోవడానికి. అందుకే ప్రతి రకానికీ ఇంకో ప్రతి ఉండాలి. ప్లేటు అంచు నుంచి చిన్న అగార్ ముక్కలు కోసి, స్క్రూ మూత సీసాలో స్టెరైల్ నీళ్లలో వేసి, మూత బిగించి మామూలు గది వేడిలో బీరువాలో పెట్టాలి. 1939 నాటి కాస్టెలానీ పద్ధతి ఇది. చాలా రకాలు ఇలా ఏళ్ల తరబడి బతుకుతాయి. దీనికి కరెంటుతో పనే లేదు.

జాతి గుర్తింపుకు ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగం ఒక్కటే చదివి ఆపేయడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. మ్యూకర్లకు అది చాలావరకు సరిపోతుంది. ఆస్పర్‌జిల్లస్‌లో దగ్గరి జాతులను విడదీయలేదు, కాల్‌మాడ్యులిన్ జన్యువు గాని బీటా ట్యూబ్యులిన్ జన్యువు గాని చదవాలి. ఫ్యుజేరియమ్‌కు టెఫ్1 జన్యువు తప్పనిసరి. డీఎన్ఏ తీసేటప్పుడు 24 నుంచి 48 గంటల లేత శిలీంధ్రజాలం తీసుకోవాలి. ముదిరితే మెలనిన్, చక్కెర జిగురు వెంట వచ్చి, డీఎన్ఏకు ప్రతులు తీసే పీసీఆర్‌ను ఆపేస్తాయి. పీసీఆర్ పడకపోతే ఇంకా ఎక్కువ డీఎన్ఏ పోస్తుంటారు, చేయాల్సింది దానికి రివర్సు, పదో వంతుకు పలుచన చేయాలి. ఖాళీ నీళ్ల కంట్రోల్ పీసీఆర్ మెట్టు నుంచి కాక, డీఎన్ఏ తీసే మెట్టు నుంచే మొదలవ్వాలి. ఆస్పర్‌జిల్లస్ బీజాలు గాలిలోనే ఉంటాయి.

ఆపైన జన్యువుల పని. ఒక జన్యువు తీసేస్తే జబ్బు రాలేదు, కాబట్టి ఇదే టీకాకు గురి అని రాసేయడం తేలిక. కాండిడా ఆల్బికాన్స్‌లో ఈ తొందర ఎంతమందిని తప్పుదారి పట్టించిందో చెప్పాలి. జన్యువు తీసిన చోట గుర్తుగా యూరా3 అనే జన్యువును పెట్టేవాళ్లు. అది తన సొంత చోట కాక వేరే చోట కూర్చుంటే సరిపడా పనిచేయదు. ఆ కొరతతోనే శిలీంధ్రం బలహీనపడుతుంది. పరిశోధకులేమో తాము తీసేసిన జన్యువు వల్లే బలహీనపడిందని రాశారు. అందుకే ఇప్పుడు నౌర్సియోత్రిసిన్ మందును తట్టుకునే జన్యువును గుర్తుగా వాడతారు. తీసిన జన్యువును మళ్లీ పెట్టి, జబ్బు తిరిగి వస్తుందని చూపేదాకా ఎవరూ ఒప్పుకోకూడదు. కాండిడాలో జన్యువుకు రెండు ప్రతులుంటాయి, రెండూ తీయాలి. రైజోపస్ ఇంకా మొండిది. దాని ఒక్కో బీజంలో చాలా కేంద్రకాలుంటాయి, ఒకదాంట్లో తీసినా మిగతావాటిలో ఉండిపోతుంది. అందుకే అక్కడ జన్యువును తీయకుండా, ఆర్ఎన్ఏఐ అనే పద్ధతితో దాని నోరు నొక్కుతారు. ఇంకో చిక్కు: కాండిడా సీటీజీ అనే మూడక్షరాలను సెరిన్‌గా చదువుతుంది, మిగతా జీవరాశి దాదాపు అంతా లూసిన్‌గా చదువుతుంది. కాండిడా జన్యువును ఉన్నదున్నట్టు ఈ.కోలై బ్యాక్టీరియాలో పెడితే వేరే ప్రొటీన్ తయారవుతుంది. జన్యువును కొత్తగా రాయించుకునేటప్పుడే ఆ చోట్లు మార్చుకోవాలి.

ఏ గురిని ఎంచుకోవాలి? ఇక్కడైతే రైజోపస్‌నే అంటాను. 2021 మే 20న తెలంగాణ బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. ఆ జులై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు. ఈ జబ్బుకు ఇచ్చే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం బంధువులు ఊళ్లు పట్టుకు తిరిగారు. అంత నష్టం చేసిన ఈ శిలీంధ్రం లోపలికి ఎలా పోతుందో అణువు స్థాయిలో తెలుసు. దాని పైన ఉండే కాట్‌హెచ్3 అనే ప్రొటీన్, ముక్కు కణాల మీదుండే జీఆర్‌పీ78 అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. షుగర్ ముదిరి రక్తం ఆమ్లమైతే ఇనుము తన వాహక ప్రొటీన్ నుంచి విడివడుతుంది. ఇనుము, గ్లూకోజు, కీటోన్లు కలిసి అటు కాట్‌హెచ్3నూ ఇటు జీఆర్‌పీ78నూ పెంచుతాయి. తాళమూ తాళంచెవీ ఒకేసారి ఎక్కువవుతాయన్నమాట. కాట్‌హెచ్3కు వ్యతిరేకంగా చేసిన యాంటీబాడీలు కీటోఅసిడోసిస్, అంటే ఆ ఆమ్ల స్థితి, తెప్పించిన ఎలుకలను కాపాడాయి. రైజోపస్‌లో ఈ కుటుంబం జన్యువులు చాలా ఉంటాయి. మన రోగుల్లోంచి తీసిన రకాల్లో ఆ ప్రొటీన్ వరుస ఎంత మారుతోందో చదవకుండా పరాయి ల్యాబు రకం మీద ఆధారపడి టీకా గీయకూడదు. సేకరణ కావాలని అంత గట్టిగా అడిగేది ఇందుకే.

పాత ప్రయత్నాలు ఎందుకు తడబడ్డాయో కూడా చూడాలి. 1980లలో చంపిన కాక్సిడియాయిడిస్‌తో చేసిన టీకాను సుమారు 2,900 మంది మీద పరీక్షించారు. సూది వేసిన చోట నొప్పి, వాపు భరించలేనంతగా ఉండడంతో డోసు బాగా తగ్గించాల్సి వచ్చింది. ఎలుకను కాపాడిన మోతాదుకు అది ఏ మూలకూ రాలేదు, తేడా కనిపించలేదు. కాండిడా ఆల్స్3 ప్రొటీన్‌తో చేసిన ఎన్‌డీవీ-3ఏను మాటిమాటికీ యోని ఇన్ఫెక్షన్ వచ్చే 188 మంది స్త్రీలలో పరీక్షించారు. 2018లో వచ్చిన ఫలితాల్లో, 40 ఏళ్లలోపు వారిలో ఏడాదికి జబ్బు తిరగబెట్టనివారు టీకా జట్టులో 42 శాతం, డమ్మీ జట్టులో 22 శాతం. మొత్తం మీద చూస్తే మాత్రం తేడా నిలవలేదు. ఆ టీకాలో సహాయకంగా, అంటే ప్రభావం పెంచడానికి, కలిపింది మామూలు ఆలమ్. ఆలమ్ యాంటీబాడీలను బాగా పెంచుతుంది గాని, శిలీంధ్రాన్ని వెళ్లగొట్టడానికి కావలసిన టీహెచ్1, టీహెచ్17 అనే రోగనిరోధక కణాలను అంతగా లేపదు. కొవాగ్జిన్‌లో భారత్ బయోటెక్ వాడిన అల్‌జెల్-ఐఎండీజీ టీహెచ్1 వైపు మొగ్గే సహాయకం, అది జీనోమ్ వ్యాలీలోనే ఉంది. టైఫాయిడ్ పాలిశాకరైడును టెటనస్ టాక్సాయిడ్‌కు అంటించడం అదే సంస్థకు చేతనైన పని. శిలీంధ్రాల కణ గోడలో ఉండే రకం చక్కెర బీటా గ్లూకాన్‌ను డిఫ్తీరియా టాక్సాయిడ్‌కు అంటించి చేసిన టీకా కాండిడా, ఆస్పర్‌జిల్లస్ రెండిటి నుంచీ ఎలుకలను కాపాడిందని 2005లోనే వచ్చింది. అంటే తయారీ చేయి హైదరాబాద్‌లో సిద్ధంగా ఉంది. దానికి అందించాల్సిన గురి ఇక్కడి నుంచి పోవాలి.

ల్యాబులో ఇంకో గుంట ఉంది. శుద్ధి చేసిన ప్రొటీన్‌లో ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం ఉందా అని లిమ్యులస్ పరీక్ష చేస్తారు. బీటా గ్లూకాన్ కూడా ఆ పరీక్షను మోగిస్తుంది. ఈస్ట్‌లో తయారుచేసిన శుభ్రమైన ప్రొటీన్‌ను కలుషితమైందని పారబోసే ప్రమాదం ఉంది. బీటా గ్లూకాన్‌కు మోగని రీకాంబినెంట్ ఫ్యాక్టర్ సీ పరీక్ష వాడాలి. ఎలుకల ఊపిరితిత్తుల్లో శిలీంధ్రం ఎంతుందో కాలనీలు లెక్కపెట్టి చెప్పడమూ మోసమే. పొడుగాటి తంతువుల జడ ఒకటే కాలనీగా మొలుస్తుంది. డీఎన్ఏను క్యూపీసీఆర్‌తో కొలవాలి.

టీకా ఎవరికి అన్నదే కష్టమైన ప్రశ్న. మన దేశంలో మ్యూకర్ ఉనికిని పది లక్షల మందికి 140గా అంచనా వేశారు. షుగర్ రోగుల్లో అంతకు పది రెట్లు ఉంటుందనుకుందాం. పది వేల మందితో పరీక్ష పెట్టినా ఏడాదికి పద్నాలుగు కేసులు, రెండు జట్లకూ కలిపి. అంతటితో టీకా పనిచేసిందో లేదో తేలదు. కాబట్టి ముందు రావాల్సింది తయారైన యాంటీబాడీ. కీటోఅసిడోసిస్‌తో చేరి, స్లైడులో తంతువులు కనిపించిన రోగికి ఆంఫోటెరిసిన్‌తో పాటు ఇచ్చి చూడొచ్చు, కొద్దిమంది రోగులతోనే తేలుతుంది. ఎంత యాంటీబాడీ ఉంటే రక్షణో అక్కడ తెలిస్తే, ఆ అంకెను టీకాకు కొలబద్దగా వాడొచ్చు. వరి కోతల్లో గింజో ఆకో తగిలి వచ్చే ఫ్యుజేరియమ్ కంటి పుండుకు మాత్రం టీకా ఆశ చూపడం తప్పు. నల్లగుడ్డుకు రక్తనాళాలు లేవు. అక్కడ కావలసింది జిల్లా ఆస్పత్రిలో అదే రోజు స్లైడు పరీక్ష, 5 శాతం నటామైసిన్ చుక్కలు. స్టిరాయిడ్ చుక్కలు వేయకపోవడం అంతకన్నా ముఖ్యం.

ఈ డబ్బుతో ఇంజెక్షన్లు కొనొచ్చు కదా అనేవాళ్ల మాటలో న్యాయం ఉంది. ఆంఫోటెరిసిన్ నిల్వ లేని ఆస్పత్రిలో టీకా కలలు చెప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ ఏ జాతికి ఏ మందు పనిచేస్తుందో చెప్పేది కూడా ఈ సేకరణే. నూరకుండా కోసిన ముక్క, చదివిన సైప్51ఏ ఈ వారం రోగికి పనికొస్తాయి, టీకా ఎప్పుడొచ్చినా సరే. మొదటి ఏడాదికి పెద్ద భవనాలు అక్కర్లేదు. వేరువేరు కరెంటు ఫీడర్ల మీద రెండు ఫ్రీజర్లు, నీళ్ల సీసాలకు ఒక బీరువా, ఒక బయోసేఫ్టీ క్యాబినెట్, మూడేళ్లకు తక్కువ కాకుండా ఉద్యోగం రాసిచ్చిన ఇద్దరు టెక్నీషియన్లు చాలు. సీక్వెన్సింగ్ బయట చేయించుకోవచ్చు. నమూనాతో వచ్చే ఫారంలో మాత్రం ఇప్పుడే నాలుగు గడులు చేర్చాలి: రోగి ఏ పంట పండిస్తాడు, ఈ ఏడాది ఏ తెగులు మందు కొట్టాడు, చేరిన రోజు షుగర్ ఎంత, మూత్రంలో కీటోన్లున్నాయా. వ్యవసాయ కేంద్రం వాళ్లు తెచ్చే మట్టి సంచి మీద కూడా ఊరు, పంట, కొట్టిన మందు, తేదీ అదే వరసలో ఉండాలి. ఈ యాసంగి వరి కోతల లోపు ఆ ఫారం అచ్చు వేయించడం కుదిరే పనే.